వెర్నా అత్త వంటింటి దీపం

చక్రాల ఇళ్లు వరసగా ఉండే మా ట్రైలర్ పార్కులో పైకప్పు దీపాలు పాడైతే వెర్నా అత్తే బాగుచేస్తుంది. ఆదివారం తన వంటింటి దీపమే ఆరిపోయింది. అత్త గోడ మీది కరెంటు బ్రేకర్ ఆపి, ఎవరూ ముట్టుకోవద్దని దాని మీద టేపు అంటించి నిచ్చెనెక్కింది. దాంతో రాయ్ మామయ్య చూస్తున్న టీవీ కూడా ఆగిపోయింది.

“మ్యాచ్ మధ్యలో నీకిదేం రోగమే?” అంటూ మామయ్య టేపు పీకి బ్రేకర్ వేశాడు.

తీగ పట్టుకున్న అత్త కరెంటు కొట్టి స్టవ్ మీద పడింది. పెదవి చిట్లి రక్తం కారింది.

“కోతిలా గెంతావే,” అని ఆయన నవ్వాడు.

అత్త లేచి, తన పనిముట్లలోంచి సుత్తి తీసుకెళ్లి, బ్రేకర్ మీదే ఉన్న ఆయన వేళ్లను కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు గుమ్మంలో ఉన్న నాకు వినిపించింది. అత్త బ్రేకర్ మళ్లీ ఆపేసింది.

“ఇంకో చెయ్యుందిగా. వెయ్యి, చూద్దాం.”

ఆయన మూలుగుతూ కూలబడ్డాడు. అత్త మళ్లీ నిచ్చెనెక్కి, వదులైన తీగ బిగించి వచ్చి తనే బ్రేకర్ వేసింది. దీపం వెలిగింది, టీవీ కూడా వచ్చింది. ఆయన తలెత్తి చూడలేదు.