నాలుగో గొడుగు

సిటీ బస్సుల డిపోలో, టైర్ల గదికీ క్యాంటీనుకీ మధ్య, మరిచిపోయిన సామాన్ల గది ఒకటుంది. ప్రయాణికులు బస్సుల్లో వదిలేసి దిగిపోయినవన్నీ అక్కడికే చేరతాయి. పంతొమ్మిదేళ్లుగా ఆ గదిని చూసుకుంటున్న గుమాస్తాను డిపోలో పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరూ ‘ఆరాల గుమాస్తా’ అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆయన కూడా పలికేవాడు.

ఆయన ఆరా అలాంటిది మరి. చేతికర్ర మరిచిపోయానంటూ కుంటుకుంటూ వచ్చినాయన్ని ‘ఏ కాలికి?’ అని అడిగి, నాలుగడుగులు నడిపించి చూసి గానీ కర్ర ఇవ్వలేదు. కట్టుడు పళ్ల కోసం వచ్చిన పెద్దావిడ అవి పెట్టుకుని నవ్వి చూపించేదాకా సంతకం చెయ్యనివ్వలేదు. ఇంట్లోనూ అదే వరస. చక్కెర డబ్బా మూత వదులుగా ఉంటే పక్కింటివాళ్ల మీద అనుమానం, గోడ గడియారం ఆగితే దాన్ని దులిపిన భార్య మీద అనుమానం.

వానాకాలం వస్తే గొడుగులు వరదలా వచ్చి పడేవి. మేకులు చాలక, తాడు కట్టి బట్టలారేసినట్టు వేలాడదీసేవాడు. గదంతా తడిగుడ్డ వాసన. రేకుల కప్పు మీద వాన హోరుకి మాట వినబడక ప్రతి ప్రశ్నా రెండేసిసార్లు అడగాల్సి వచ్చేది. దానివల్ల ఆయనకు మేలే జరిగింది. అబద్ధం రెండోసారి చెప్పేటప్పుడు ఎక్కడో ఒకచోట మారుతుంది.

ఆ ఏడు వానలు పడ్డ రెండోవారంలో ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. ఆసుపత్రిలో పరీక్షల కోసం రక్తం తీసే ఉద్యోగం, ఆ యూనిఫారంలోనే వచ్చింది. నల్ల గొడుగు, వంకీ పిడి, విరిగిన ఊసకు దారం కట్టి ఉంటుంది అంది. అలాగే ఉంది. ఇచ్చాడు. నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి పూలపూల మడత గొడుగు. ఆపై వారం ఏనుగు బొమ్మ ఉన్న పిల్లల గొడుగు. మూడూ ఇరవై మూడో నంబరు బస్సులో దొరికినవే.

“ఎవరివమ్మా ఇవన్నీ?”

“మా నాన్నవి సార్.”

“ఏనుగు బొమ్మ గొడుగు మీ నాన్నదా?”

“మా పాపది. గుమ్మం దగ్గర ఏది చేతికందితే అది పట్టుకుని బయల్దేరతాడు.”

“ప్రతిసారీ బస్సులోనే వదిలేస్తాడా?”

“వదిలేస్తాడు” అని ఆవిడ తల పక్కకు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడంతో గుమాస్తా మనసులో అనుమానం బిగిసి కూర్చుంది. బస్సులో దొరికిన వస్తువుల ఆనవాళ్లు ఎవరో ఈవిడకు ముందే చేరవేస్తున్నారు. ఎవరై ఉంటారు? కండక్టరే.

ఆ మధ్యాహ్నం ఇరవై మూడో నంబరు కండక్టరును క్యాంటీనులో పట్టుకున్నాడు. “ఆ ఆసుపత్రి ఆవిడ నీకేమవుతుంది?”

“నాకున్న ఆవిడ ఒక్కతే గురువుగారూ. దాంతోనే వేగలేక చస్తున్నా” అని కండక్టరు పకపకా నవ్వాడు. అడిగినదానికి జవాబు చెప్పక జోకులేసేవాడు ఏదో దాస్తున్నట్టేనని గుమాస్తా తేల్చుకున్నాడు.

నాలుగోసారి ఆవిడ అడిగింది గోధుమరంగు పట్టుగుడ్డ గొడుగు. నున్నటి కొయ్య పిడి. ఆ సీజనులో వచ్చినవాటిలో అంత అందమైనది లేదు. అది దొరికిన రోజే ఇది ఎవరో గొప్పింటివాళ్లదని ఆయన అనుకున్నాడు.

“ఇది మాత్రం మీకివ్వను. మీ నాన్నగారినే రమ్మనండి.”

ఆవిడ సరేనని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, నీటుగా దువ్విన తల. గుమాస్తా గొడుగు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“ఇది మీదేనాండీ?”

పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూశాడు. “కాదు బాబూ. నాకెక్కడిది ఇలాంటిది?”

“మరి ఈవిడెవరు?”

పెద్దాయన కూతురి వంక ఎగాదిగా చూశాడు. “తెలీదు. ఆసుపత్రి మనిషిలా ఉంది.”

గుమాస్తా బల్ల మీది గొడుగు తన వైపు లాక్కున్నాడు. దొరికింది! ఆవిడ మాత్రం కంగారు పడలేదు.

“కొన్ని రోజులు ఇంతే సార్, గుర్తుపట్టడు. ముందే చెప్పాల్సింది. మా నాన్న జబ్బు సంగతి కనబడ్డ ప్రతి కౌంటరు దగ్గరా చెప్పుకోలేక ఊరుకున్నా.”

“అలాగే అంటారందరూ” అంటూ ఆయన గొడుగు లోపల పెట్టేసి, పై అధికారికి ఫిర్యాదు రాయడానికి కాగితం తీశాడు. ఆవిడ ఇక బతిమాలలేదు. “నాన్నా, మెడ దగ్గర గుండీ విడిపోయింది. పెట్టుకో, చలి” అంది. పెద్దాయన ఆవిడకేసి చూడనైనా చూడకుండా, చంటిపిల్లాడిలా బుద్ధిగా గుండీ పెట్టుకున్నాడు.

గుమాస్తా కలం ఆగింది. తెలియని మనిషి చెబితే ఎవరైనా అలా పెట్టుకుంటారా? లేక అదీ నాటకమేనా? ఫిర్యాదు సగంలోనే ఉండిపోయింది.

ఆదివారం సెలవు. రిజిస్టరులో ఆవిడ రాసిన చిరునామా పట్టుకుని గుమాస్తా ఆ వీధికి వెళ్లి, ఎదురుగా మూసి ఉన్న కొట్టు చూరు కింద నిలబడ్డాడు. వాన ఏకధారగా కురుస్తోంది. కాసేపటికి పెద్దాయన ఒక్కడే బయటికొచ్చాడు. చేతిలో ఊస విరిగిన ఆ నల్ల గొడుగే. ఇరవై మూడు ఎక్కాడు. గుమాస్తా రెండు సీట్లు వెనక కూర్చున్నాడు. గొడుగు ముందు సీటు కడ్డీకి తగిలించి, ఏడు స్టాపులు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, పెద్దాయన ఉత్త చేతులతో దిగి వెళ్లిపోయాడు. దాన్ని తీసుకోవడానికి ఎవరైనా చెయ్యి చాపుతారేమోనని గుమాస్తా బస్సంతా కలయజూశాడు. ఎవరూ కదల్లేదు. బస్సు బయల్దేరబోతుంటే గొడుగు లాక్కుని దూకేశాడు.

పెద్దాయన తాళం వేసిన ఒక గేటు ముందు తడుస్తూ నిలబడి ఉన్నాడు. ఎప్పుడో మూతపడ్డ అచ్చాఫీసు అది. గుమాస్తా దగ్గరికెళ్లి గొడుగు విప్పి పట్టాడు. పెద్దాయన తలెత్తి చూశాడు, కళ్లు మెరిశాయి.

“నా గొడుగు! దొంగ! దొంగ! ఆ ఊస కట్టింది నేనే, ఎర్రదారంతో!”

గుమాస్తా పైకి చూశాడు. ఎర్రదారమే. ఇంత ఖచ్చితంగా ఆనవాలు చెప్పినవాళ్లు ఆయన కౌంటరుకు ఎప్పుడూ రాలేదు. ఈలోగా పదిమంది పోగయ్యారు. ఒకడు కాలరు పట్టుకున్నాడు.

“నీదేనా ఇది?”

“కాదు, ఆయనదే. ఇద్దామనే తెచ్చా.”

“అలాగే అంటారందరూ” అన్నాడు కాలరు పట్టుకున్నవాడు. గుంజిన గుంజుడుకి కాలరు కుట్లు పటపట తెగాయి.

అప్పుడే ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలో పరిగెత్తుకొచ్చింది. తండ్రి ఇంట్లో లేకపోతే ఒకప్పుడు పనిచేసిన ఈ అచ్చాఫీసు దగ్గరే ఉంటాడని ఆవిడకు తెలుసు. ముందు తండ్రిని చూసింది, తర్వాత గుమాస్తాను. ఒక్క క్షణం ఆలోచించింది. ఆ క్షణంలో ఈవిడ కూడా తెలీదనేస్తుందేమోనని ఆయనకు నిజంగానే భయం వేసింది.

“వదలండి. ఆయన నాకు తెలుసు” అంది.

ముగ్గురూ బస్టాపు వైపు నడిచారు. గొడుగు పెద్దాయన మీదే పట్టి, మిగతా ఇద్దరూ తడిశారు. కాస్త దూరం పోయాక గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

“ఆ గోధుమరంగుది...”

“మా అమ్మ కొనిచ్చింది సార్ ఆయనకి. బీరువాలోంచి తియ్యం. ఆ రోజు తాళం వెయ్యడం మరిచిపోయా.”

“రేపు రండి. ఏమీ అడగను.”

“అడగండి, ఫర్లేదు. మీరు అలా అడగబట్టేగా మూడూ భద్రంగా దొరికాయి.”

ఆవిడ దెప్పిందో మెచ్చుకుందో ఆయనకు తేలలేదు. మధ్యలో నడుస్తున్న పెద్దాయన కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “ఎవరమ్మా ఈయన? ఇందాకట్నుంచీ మన వెనకే వస్తున్నాడు. కాస్త చూసి నడువు” అన్నాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. గుమాస్తా రెండడుగులు వెనక్కి తగ్గాడు.

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. తలుపు తీసిన భార్య ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది.

“సెలవు రోజు పొద్దుననగా వెళ్లి ఇప్పుడా రావడం? ఆ కాలరు ఎవరు చింపారు?”

ఆయన గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా చెప్పాడు. నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆవిడ చివరిదాకా విని, తువ్వాలు అందించింది.

“సరే, ఇప్పుడు నిజం చెప్పండి.”

ఆయన తల తుడుచుకుని, మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాడు.