విష్ణువుకు చేతులు పెట్టిన పూట

కాంబోడియా విష్ణుమూర్తికి చేతులు పెట్టింది నేనే. పన్నెండడుగుల విగ్రహం! సరే, ఆరడుగులు. అదీ ప్లాస్టర్‌ది, ఫిల్మ్‌నగర్‌లో వేసిన గుడి సెట్టు కోసం చేసింది.

అప్పట్లో నేను సెట్లకు బొమ్మలు పోసేవాణ్ణి. ఆ పని దక్కించుకోవడానికి ఆర్ట్ డైరెక్టర్‌తో, "కాంబోడియా పోయొచ్చిన సార్. ఆ దేవుళ్లను చేత్తోని తడిమి చూసిన" అన్నాను. ఒట్టి కోత. మా మోతీనగర్ దాటితే నాకు దారి తెలీదు. ఆయనిచ్చిన పుస్తకంలో ఒక్క ఫొటో చూసి పోశాను. నిటారుగా నిలబడ్డ రాతి దేవుడు, నెత్తిన నిలువు కిరీటం, మొలకు పొట్టి పంచె, పెదాల కొసన దాచుకున్న నవ్వు. నాలుగు చేతులూ భుజాల దగ్గరే విరిగిపోయి ఉన్నాయి. నేనూ ఆ విరుగుళ్లతో సహా దింపేశాను. "అచ్చం పుస్తకంలో బొమ్మేనండీ!" అని ఆయనా మురిసిపోయాడు.

షూటింగ్ రోజు పొద్దున, హారతివ్వడానికి నిజమైన పూజారినే పిలిచారు. ఆయన విగ్రహాన్ని చూసి పళ్లెం కింద పెట్టేశాడు.

"చేతులు విరిగి భిన్నమైన విగ్రహానికి హారతేంటండీ? కెమెరా ముందైనా నావల్ల కాదు."

మధ్యాహ్నానికి హీరో వచ్చేస్తాడు. ఆర్ట్ డైరెక్టర్ నా వైపు తిరిగాడు. "మీరు చూసొచ్చారుగా. చేతులు పెట్టేద్దాం, వాటిలో ఏముంటాయి?"

తెలీదంటే నా కోత బయటపడుతుంది. ఆ సెట్టులో నాకదే ఆఖరి పూట.

"శంఖం, చక్రం, గద..." అని ఆగాను. తామరపువ్వు అనాలి. రేకులు తీర్చే టైమేదీ? "ఒక ఉండ" అనేశాను.

"ఉండేంటండీ, లడ్డూనా?" అన్నాడు ఆర్ట్ డైరెక్టర్.

"భూమి సార్! లోకమంతా ఆయన చేతిలనే ఉంటది కద."

పూజారి తలూపాడు. "బాగుందయ్యా."

ఇనుప చువ్వలకు కొబ్బరిపీచు చుట్టి, ప్లాస్టర్ మెత్తి, నాలుగు చేతులూ నేనొక్కణ్ణే చేశాను. కాదులెండి, రెండు మా తోటి పనాయన చేశాడు. ఉండ మాత్రం నాదే! రంగు ఆరీ ఆరకముందే హారతి వెలిగింది.

షాట్ అయ్యాక ఆర్ట్ డైరెక్టర్ పుస్తకం పట్టుకుని పరుగున వచ్చాడు. ఇంకో పేజీలో చేతులు విరగని విష్ణువు. కుడిచేతిలో ఉండ! అది భూమేనని కింద రాసుంది. ఆయన నన్ను అమాంతం వాటేసుకున్నాడు.

"మీరు నిజంగానే వెళ్లారండీ! నాకు మొదట్లో అనుమానంగానే ఉండేది. ఇక నా ప్రతి సెట్టుకీ మీరే."

"లేదు సార్, నేను పోనేలేదు. రేకులు చేసే తీరిక లేక ఉండ పెట్టిన" అని మూడుసార్లు చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు. "ఎంత వినయమండీ మీకు!"

మూడుసార్లా? ఒక్కసారే చెప్పాను. అదీ ఆయన కారు జూబ్లీహిల్స్ మలుపు తిరిగి కనబడకుండా పోయాక. వినయం గినయం నేను కలిపిందే.