తొవ్వ అడిగే మనిషి

మా పెద్దాడబిడ్డ పోయింది. పెళ్లయిన నాటి నుంచి నేను వదినె అని పిలిచిన మనిషి. గుండెనొప్పితో కరీంనగర్‌లో ఆసుపత్రిలో చేరింది. ఇంటికి తీసుకుపోదామని మేం ఆమె బట్టలు సర్దుతున్న పొద్దున్నే వెళ్లిపోయింది. కబురు చెప్పే పని నా మీద పడింది. ఏ పనైనా వరుస పెట్టుకుంటే గాని నాకు సాగదు. ముందు అన్నదమ్ములు, తర్వాత చర్చి వాళ్లు, ఆ తర్వాత ఆమె పనిచేసిన బడుల టీచర్లు, జమ్మికుంట దిక్కు చుట్టాలు. ఎవరినీ వదల్లేదనే అనుకున్నాను. సమాధి మీద మట్టి వేసి వెనక్కి నడుస్తుంటే, సుల్తానాబాద్ నుంచి వచ్చిన ఆపా నా మోచేయి పట్టుకొని మెల్లగా అడిగింది.

"గూడెపోళ్లకు ఎవరు చెప్పాలె?"

వాళ్ల ఫోను నంబర్లు మా దగ్గర లేవు. వాళ్లకు వదినె పేరు కూడా తెలియదు. అయినా వాళ్లకు చెప్పకుండా ఉండే వీలు లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ముందు ఆమె సైకిలు సంగతి తెలియాలి.

వదినె ఆడపిల్లల బడిలో ఆటల టీచరు. రిటైరయ్యాక ఇక మోకాళ్లకు నూనె రాసుకుంటూ, ఆదివారాలు చర్చిలో ముందు వరసలో కూర్చుంటుందని అందరం అనుకున్నాం. ముందు వరసలో కూర్చున్న మాట నిజమే. శనివారాలు మాత్రం అడవికి పోయేది. అందుకోసం హైదరాబాద్ నుంచి ఒక సైకిలు తెప్పించుకుంది. గ్రావెల్ సైకిల్ అంటారు. చూడ్డానికి పందెం సైకిల్ లాగే ఉంటుంది, టైర్లు మాత్రం వెడల్పు. మొరం రోడ్ల మీద, బండ్ల బాటల మీద పోవడానికి చేసింది. హ్యాండిల్ కిందికి వంపు తిరిగి ఉంటుంది. దాన్ని చూసి మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు.

"గిదేందక్కా, సైకిల్‌కు పొట్టేలు కొమ్ములు వెట్టిచ్చినవ్?"

"సైకిల్‌కే గద తమ్మీ పెట్టిచ్చింది, నాకైతే కాదు. నువ్వు బుగులు పడకు" అంది వదినె.

ఆ తర్వాత నా వెంట పడింది. నాకు మోకాళ్ల నొప్పులని తప్పించుకోబోయాను. "పొద్దందాక వంటింట్ల కూసునుడు, లేసుడు గా మోకాళ్లతోనే గదనే. దానికి రాని నొప్పి దీనికొస్తదా?" అని మానేరు కట్ట మీదికి తీసుకుపోయింది. నడక కోసం వచ్చిన వాళ్లందరూ చూస్తుండగా, చిన్నప్పుడు ఎప్పుడో వదిలేసిన సైకిల్‌ను నలభై ఆరేళ్ల వయసులో మళ్లీ నేర్చుకున్నాను. ఆమె వెనక పరిగెత్తుతూ నోట్లో విజిల్ పెట్టుకొని ఊదింది. పడ్డప్పుడు లేపేది కాదు. లేచి నిలబడేదాకా విజిల్ ఊదుతూనే ఉండేది. ఆ సిగ్గుకే తొందరగా లేచేదాన్ని.

ఆపా అంటే ఉర్దూలో అక్క, ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. ఒకప్పుడు వదినె శిష్యురాలు. సుల్తానాబాద్‌లో వాళ్లకు బట్టల దుకాణం. దుకాణం వ్యానులో మూడు సైకిళ్లు వేసుకొని ఉట్నూరు దాటేదాకా పోయేవాళ్లం. అక్కడ తారు రోడ్డు వదిలి మొరం బాట పట్టుకొని, టేకు అడవిలో గుట్టలెక్కి దిగి, కెరమెరి ఘాట్ దగ్గర మళ్లీ తారు మీదికి వచ్చేవాళ్లం. వ్యాను చుట్టూ తిరిగి అక్కడికి వచ్చి ఉండేది. అటవీశాఖ వాళ్లు పోనిచ్చే బాటల్లోనే పోవాలి, పొద్దుగూకక ముందే బయటపడాలి. ఈ రెంటిలో వదినె ఎన్నడూ సడలింపు ఇవ్వలేదు.

మొరం నన్ను చాలా సతాయించింది. తారు మీద సైకిలు మనం చెప్పినట్టు వింటుంది. మొరం మీద గులకరాళ్లు టైరు కింద జారుతుంటే ప్రాణం గుప్పిట్లో పెట్టుకొని హ్యాండిల్ బిగించేదాన్ని. "అంత గట్టిగ వట్టకు. చిన్నపిల్ల చెయ్యి వట్టుకున్నట్టు వట్టుకో" అనేది వదినె. ఎండాకాలం మొదట్లో టేకాకు రాలి బాటంతా కప్పేస్తుంది. పైకి పరుపులా మెత్తగా కనిపిస్తుంది, కింద ఏ రాయి ఉందో తెలియదు. అక్కడ మాత్రం ఆమె దిగి నడిచేది. "టీచర్, భయమా?" అని ఆపా ఉడికించేది. "భయం గాదే, రిటైరైన ఎముకలు" అనేది. నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది ఆ నడక. ఒక చేయి సీటు మీద వేసి, ఆకులు గలగలమంటుంటే, బర్రెను తోలుకుపోతున్నట్టు సైకిల్‌ను తోలుకుపోయేది.

ఒక్క అలవాటు మాత్రం నాకు అర్థమయ్యేది కాదు. దారిలో రెండు గూడేలు వస్తాయి. రెండుచోట్లా ఆగి తొవ్వ అడిగేది. మొదటిసారి పోయినప్పుడు అడిగితే సరే. పదోసారి కూడా అడిగేది. దారంతా నా ఫోనులో ఉంది. ఏ మలుపు తర్వాత ఏది వస్తుందో నాకు కంఠతా వచ్చు, వదినెకు నాకంటే ముందే వచ్చు. అయినా కింది గూడెంలో బాట పక్క ఇంటి ముందు సైకిలు ఆపి, చెప్పులు విడిచి, పందిరి కిందికి పోయేది. ఆ ఇంటి పెద్దామెను మేం అవ్వ అనేవాళ్లం. గోండు మనిషి. మాతో తెలుగే మాట్లాడేది, నడుమ నడుమ మరాఠీ కలిపి.

"రాం రాం అవ్వా. కెరమెరికి తొవ్వ ఎటు?"

"రాం రాం బాయీ. మల్ల మర్సిపోయినవా?"

"మర్సిపోయిన."

అవ్వ చేతిలో పని పక్కన పెట్టి లేచి బాట మీదికి వచ్చేది. చేయి భుజం దగ్గర నుంచి నిండుగా చాపి చెప్పేది. "ఒర్రె దాటంగనే రెండు తొవ్వలస్తయి. బండ్ల జాడ ఉన్నదాంట్ల పోకుండ్రి, అది కట్టెల తొవ్వ. ఎడమకు పోండ్రి." ప్రతిసారీ అవే మాటలు. ఆ తర్వాత నీళ్లో, చాయో, పత్తి ముచ్చటో, మనవడి బడి ముచ్చటో. అరగంట పోయేది.

నేను ఫోను చూపించి గునిసేదాన్ని. "వదినె, తొవ్వ ఇండ్లనే ఉన్నది గద. ఊకె ఎందుకు ఆగుడు?"

"ఇంటి ముంగటికెళ్లి పోతున్నం. చెప్పకుంట ఎట్ల పోతం?" అనేది, అంతే. ఆపా మాత్రం "టీచర్‌కు చాయ్ యాదికొచ్చినప్పుడల్లా తొవ్వ మర్సిపోతది" అని నవ్వేది.

ఒక ఏడు వానలు వెనకబట్టాయని నమ్మి పోయాం. కింది గూడెంలో తొవ్వ అడిగి, ఒర్రె దాటి, ఎడమకు తిరిగి గుట్ట సగం ఎక్కాక వాన దంచికొట్టింది. ఆ ముక్కలో మొరం లేదు, నల్లరేగడి. మట్టి టైరుకు చుట్టుకొని చక్రాలు బిగిసిపోయాయి. పుల్లతో గీకిన కొద్దీ మళ్లీ అంటుకుంది. ఆపా కాలు జారి మడమ మెలిపడింది, అడుగు వేయలేకపోయింది. వెనక ఒర్రెలో నీళ్లు పొంగుతున్న మోత మాకు వినబడుతోంది. ఫోనులో సిగ్నల్ లేదు. మ్యాపులో మాత్రం మేం ఉన్నచోట నీలం చుక్క నిలకడగా వెలుగుతోంది. ఏంచేయాలో వరుసగా ఆలోచించబోయాను. వరుసలో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. పొద్దు వాలిపోతోంది. వదినె ఆపా కాలును తన ఒళ్లో పెట్టుకొని, చున్నీ చింపి కట్టు కడుతూ, "ఆగుండ్రి, ఒస్తరు" అంది.

ఎవరు వస్తారో నాకు తెలియలేదు. కాసేపటికి కింది నుంచి కేక వినబడింది. అవ్వ అల్లుడు, ఇంకో మనిషి, భుజాన తాడు వేసుకొని వచ్చారు. పై గూడెం నుంచి అడ్డదారిన పశువులను తోలుకొచ్చినతను సైకిళ్ల వాళ్లెవరూ అక్కడికి రాలేదన్నాడట. ఆ మాట వినగానే అవ్వ వీళ్లను తరిమింది. ఒర్రెను పైనెక్కడో లోతు లేనిచోట వాళ్లే దాటించారు. ఒకతను ఆపాను వీపున మోశాడు.

గూడేనికి చేరగానే అవ్వ అందరికంటే ముందు వదినెను తిట్టింది. "వాన మొగులు కానొస్తలేదా బాయీ నీకు? తొవ్వ చెప్పింది నేను. మీరు చేరకపోతే తప్పు నాది గాదా?"

వదినె బడిలో పిల్లలా తల దించుకొని నిలబడింది. వ్యానులో తిరిగి వస్తున్నప్పుడు నన్ను ఒక్క మాటా ఎత్తిపొడవలేదు. చాలా దూరం వచ్చాక తనే అంది. "మనం ఏడున్నమో ఫోనుకు ఎరుకే. చేరినమా లేదా అన్న ఫికరే దానికి లేదు."

ఆ తర్వాత నేనెప్పుడూ గునిసింది లేదు. కానీ తొవ్వ అడిగేది మాత్రం ఎప్పుడూ ఆమే. మేం వెనక నిలబడేవాళ్లం.

పోయిన శనివారం నేనూ ఆపా వెళ్లాం. వ్యానులో రెండే సైకిళ్లు. చెప్పాల్సిన మాటలు ఇంటి దగ్గరే కుదుర్చుకున్నాను. ముందు జబ్బు సంగతి, తర్వాత ఆసుపత్రి, ఆ తర్వాత అసలు మాట. అవ్వ పందిరి కింద పత్తిలో చెత్త ఏరుతోంది. చెప్పులు విడిచి దగ్గరికి పోయాను. కుదుర్చుకున్న మాట ఒక్కటీ నోటికి రాలేదు.

"రాం రాం అవ్వా. కెరమెరికి తొవ్వ ఎటు?"

అవ్వ నన్ను చూసింది. నా వెనక ఆపాను చూసింది. ఆపా వెనక ఖాళీ బాటను చూసింది.

"బాయి ఎనుక నడిసొస్తున్నదా?"

"లేదవ్వా. బాయి పోయింది. పోయిన నెల. గుండెకొచ్చింది."

పత్తిలో ఆమె వేళ్లు ఆగిపోయాయి. మేమూ కింద కూర్చున్నాం. ఎక్కడ పెట్టారని అడిగింది, చెప్పాను. ఒంటరిగా పోయిందా అని అడిగింది. లేదు, మేమంతా ఉన్నామన్నాను. చేతిలోని పత్తి పక్కన పెట్టి అంది. "ఏడికి పోయినా చెప్పి పోయేటిది. గీసారి చెప్పకుంటనే పాయె."

"గందుకే మేం చెప్పనీకి ఒచ్చినం" అంది ఆపా. ఆ మాట అంటూ ఏడ్చేసింది.

చాయ్ తాగాం. పొద్దు చూసి లేచాం, పై గూడెంలో కూడా చెప్పాలి. అవ్వ కూడా ఒళ్లోని పత్తి దులుపుకొని, మోకాలి మీద చేయి ఆనించి లేచి, మాతో బాట మీదికి వచ్చింది. మాకు తొవ్వ తెలుసని ఆమెకు తెలుసు. అయినా భుజం దగ్గర నుంచి చేయి చాపింది. "ఒర్రె దాటంగనే రెండు తొవ్వలస్తయి..."

చివరిదాకా విని సైకిలెక్కాం. ఒర్రె దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. అవ్వ బాట నడిమధ్యనే నిలబడి ఉంది. చాపిన చేతికి అంటుకున్న పత్తి తెల్లగా కనబడుతోంది. మేం ఎడమకు తిరిగేదాకా ఆ చేయి కిందికి దిగలేదు.