వదిన నడవని దారి

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు హాలు కర్టెన్లు మూసి స్లైడ్ ప్రొజెక్టర్ ప్లగ్ పెట్టాను. 1983 నవంబరులో ఒక ఆదివారం. న్యూజెర్సీలోని పిస్కాటవేలో మా అపార్ట్‌మెంట్. నేను, మావారి అక్క సుభద్ర వదిన, ఇద్దరమే ఉన్నాం.

దెయ్యాలనూ ఆత్మలనూ నేనెప్పుడూ నమ్మలేదు. మావారు పోయాక కూడా నమ్మలేదు. నమ్మగలిగితే బాగుండునని అనిపించిన రోజులున్నాయి, అంతే.

మావారు కాలేజీలో జియాలజీ చెప్పేవారు. ఆ ఏడాది జూన్‌లో ఇద్దరం గ్రీస్‌లోని ఆండ్రోస్ అనే ద్వీపానికి వెళ్లాం. సెప్టెంబరులో ఆయన గుండె ఆగిపోయింది. టెక్సాస్‌లో ఇర్వింగ్ నుంచి వదిన వచ్చింది. తల్లి లేని తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. కర్మలన్నీ అయ్యాక వంటింట్లో నిలబడి అంది:

"బాగుండే మనిషిని కొండలెక్కించినావు. బీచ్‌లు లేకనా న్యూజెర్సీలో?"

నేను జవాబు చెప్పలేదు. చెబితే పోయిన మనిషి మీద తప్పు నెట్టినట్టు అవుతుంది. వదిన తిరిగి వెళ్లాక ఫోన్ చేయడం మానేసింది. ఆయన వైపు నుంచి నాకు మిగిలింది ఆవిడ ఒక్కతే. నవంబరులో మాసికానికని వచ్చింది గానీ, నాతో అవసరమైనంతే మాట్లాడేది.

కెమెరాలో మిగిలిపోయిన ఆఖరి రోల్‌ను ఆయన పోయాక కడగడానికి పంపాను. శనివారం పోస్టులో స్లైడ్లు వచ్చాయి. వాటి అట్టల మీది నంబర్ల వరుసలోనే ట్రేలో పెట్టాను. వెలుతురుకు ఎత్తి చూడలేదు. ఒంటరిగా చూసే ధైర్యం లేకపోయింది.

మొదట తెర మీద ఆండ్రోస్ కొండవాలు పడింది. ఆ ద్వీపం చాలావరకు షిస్టు, పలకలు పలకలుగా విడిపోయే రాయి. మధ్యమధ్య చలువరాయి పొరలు. కాళ్ల కింద దొరికిన రాయితోనే అక్కడివాళ్లు ఇళ్లూ వంతెనలూ కట్టుకున్నారు. పావురాల గూళ్లకు పలచని పలకలను త్రికోణాలుగా పేర్చి అల్లికలా చేశారు. పొలం గోడల్లో సున్నం లేదు. కొన్ని అడుగులకొక పెద్ద పలకను నిలువునా పాతి, మధ్య ఖాళీని చిన్న రాళ్లతో పూడుస్తారు. పలక ఉన్న మేరకు పేర్చే పని తప్పుతుంది. ఊరికీ ఊరికీ మధ్య గాడిదలు నడిచే రాతి మెట్ల దారులు. ఆ మెట్లు గాడిద అడుగుకు సరిపోయేంత వెడల్పు. తరతరాలు నడవగా మధ్యలో నునుపు తేలాయి. అంత పొదుపైన పనితనం నేను మరెక్కడా చూడలేదు.

"దీనికింత దూరం పోవల్లా?" అంది వదిన. "మా పెదనాయన చేను చుట్టూ కడప బండలు ఇట్లనే పాతింటారు."

"మీ తమ్ముడూ అదే అన్నారు" అన్నాను. చాలా రోజుల తర్వాత ఆవిడ నవ్వింది.

దారి మలుపు ఉన్న స్లైడ్ ఒకటి తెర మీదికి వచ్చింది. నేనింకా బటన్ నొక్కలేదు.

"మలుపు తిరిగితే నీళ్లొస్తాయి" అంది వదిన. "రాతి గొట్టంలోంచి. పక్కన కూర్చునేదానికి అరుగు."

నొక్కాను. చలువరాతి గొట్టంలోంచి నీళ్లు పడుతున్నాయి. పక్కన అరుగు.

చలువరాతిలో ఇంకిన వాన కింది షిస్టును దాటలేక, అవి రెండూ కలిసే చోట ఊటగా బయటికి వస్తుందని మావారు అక్కడే కూర్చుని చెప్పారు. జియాలజిస్టయితే ఊహించవచ్చు. వదినకు ఆ చదువు లేదు. ఆయన ఫోన్‌లో చెప్పి ఉంటారని అనుకున్నాను. నేను విన్నంతవరకు మాత్రం "బాగుందక్కా" అనే అన్నారు.

"ఈడ నువ్వు ఎనక్కి పోదామన్నావు" అంది వదిన, తెర వైపే చూస్తూ. "వానికి ఆయాసంగా ఉండె. చెయ్యి పట్టుకుని లాగినావు. వాడు నవ్వి ముందుకే పోయినాడు."

జరిగింది అదే. ఆ రోజు వంటింట్లో నేను చెప్పనిది కూడా అదే.

కొన్ని స్లైడ్ల తర్వాత తెర మీద ఒక పొలం గోడ కనిపించింది. మనుషులెవరూ లేరు. ఆ పొలం గోడల్లో చాలాచోట్ల తలుపులుండవు. కొన్ని రాళ్లు తీసి దాటి, మేకలు బయటికి పోకుండా మళ్లీ పేర్చి వెళ్లాలి. కిందికి దిగేటప్పుడు ఆయన ముందు వెళ్లిపోయారు, నేను వెనక ఉండి పేర్చాను. ఒక రాయి జారి నా వేలు కమిలింది. ఆయన కంగారు పడతారని చెయ్యి స్వెట్టర్ జేబులో పెట్టుకున్నాను. ఆయన వెనక్కి వచ్చి గోడను ఫోటో తీసుకున్నారు. మర్నాడు వేలు చూసి అడిగితే, హోటల్ తలుపులో పడిందన్నాను. ఆయన నమ్మారు.

"ఆ తెల్లరాయే గదా నీ యేలి మీద పడింది" అంది వదిన. "తలుపని చెప్పినావు వానికి."

"మీకెవరు చెప్పారు వదినా?"

ఆవిడ నా వైపు తిరిగింది. ముఖంలో ఆశ్చర్యం తప్ప ఏమీ లేదు.

"వాడే గదా చెప్తాండేది. నీకు ఇనపడ్లేదా?"

నాకు ప్రొజెక్టర్ ఫ్యాన్ చప్పుడు ఒక్కటే వినపడుతోంది. రెండు నెలలుగా ఆ గొంతు కోసం చెవులు రిక్కించి కూర్చున్నదాన్ని నేను.

వదిన లేచి వచ్చి నా ఎడమ చెయ్యి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే తడిమింది. ఏ చెయ్యో నేను చెప్పలేదు. కమిలిన గుర్తు ఎప్పుడో మాసిపోయింది. మిగిలిన స్లైడ్లు ఇద్దరం చివరిదాకా చూశాం.

తర్వాత ఒకసారి అడిగితే, "అట్లన్నానా? సరిగ్గా గ్యాపకం లేదు" అంది. అబద్ధమాడే మనిషి కాదు. ఆరేళ్లుగా అన్ని రకాలుగా ఆలోచించాను. ఊట సంగతికి, ఆయాసం సంగతికి ఏదో ఒక కారణం వెతుక్కోగలను. తలుపు అబద్ధమని ఆయనకే తెలియదు. అది ఆవిడకెలా తెలిసిందో నేను చెప్పలేను.

వదిన ఇప్పుడు వారం వారం ఫోన్ చేస్తుంది. వాళ్ల పిల్లల సంగతులు, వంటలు, ఎండలు మాట్లాడుకుంటాం. ఆయన ఎందుకు పోయారన్న మాట మాత్రం ఇద్దరం ఎత్తడం లేదు.