రెండక్షరాల తేడా

"ఈరోజు వల నేదు, ఏట నేదు. నువ్వు రాణీలా కూకో, అంతే," అన్నాడు మా ఆయన, పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ జెట్టీ దగ్గర పడవ తాడు విప్పుతూ.

ఆ మాట కోసం నేను మూడేళ్లు కాచుకున్నాను. మా డోంగీ, అంటే ఇంజన్ బిగించిన చెక్క పడవ, నీళ్లలోకి దిగినప్పటి నుంచి ఆయన చేపలకి పోవడం, నేను డెలానీపూర్‌లో ఆఫీసుకి పోవడం, ఇదే సరిపోయింది. సొంత పడవ ఉండి కూడా ఇద్దరం కలిసి సరదాగా ఒక్క రోజు తిరిగింది లేదు. ఆ ఆదివారం చిడియాటాపు దాకా తీరం వెంట పోయి, అక్కడ అన్నం తిని, వెలుగుండగానే ఇంటికొచ్చేద్దాం అన్నాడు. నేను చేపల పులుసు, అన్నం, నిమ్మకాయ ఊరగాయ కట్టుకుని కొత్త చీర కట్టాను. పడవలోకి కొత్త చీరేమిటని నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

ఎక్కే ముందు పడవ ముందు భాగాన కుడివైపు ఎర్ర రంగుతో రాసిన పేరుకి కుంకుమ పెట్టాను. మూడక్షరాలకీ మూడు బొట్లు. మామూలుగా అది శుక్రవారం పని. ఆ రోజు ఆదివారమైనా పెట్టాను, అమ్మ కూడా మాతో షికారుకి వస్తుందని. ఆడది పడవకి ఎదురు రాకూడదనే పెద్దమనుషులు జెట్టీలో ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లని నేనెప్పుడూ లెక్కచేయలేదు.

ఆ పేరు మా అమ్మది. అమ్మ పోయాక ఆవిడ గాజులు అమ్మితేనే ఈ పడవ వచ్చింది. గాజులు ఇస్తూ మా ఆయన్ని నేను అడిగింది ఒక్కటే, పడవ మీద అమ్మ పేరు తెలుగులో రాయమని. అమ్మకి రాయడం వచ్చినవి ఈ లోకంలో ఆ మూడక్షరాలే. బ్యాంకు పాస్‌బుక్కులో సంతకం ఉంటుంది, వంకర టింకరగా. నేను పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లో, చదివింది హిందీ మీడియంలో. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతాను, అక్షరం ముక్క రాదు. మా ఆయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు, తెలుగు బడిలో చదివాడు. అందుకే చూసి రాయమని ఆ పాస్‌బుక్కు ఆయన చేతికే ఇచ్చాను. ఆయన రెండు రోజులు కూర్చుని చక్కగా రాశాడు. నేను మురిసిపోయాను.

హార్బరు దాటి దక్షిణానికి తిరిగాక గాలి హాయిగా ఉంది. కుడివైపు కోర్బిన్స్ కోవ్ కొబ్బరిచెట్లు, ఎడమవైపు అంతా నీళ్లే. ఆయన ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, రెండో చేత్తో నాకు శనక్కాయలు అందించాడు. పెళ్లయిన కొత్తలో కూడా ఇంత మురిపెం చూపించలేదని ఏడిపించాను. ఆయన సిగ్గుపడ్డాడు. ఆ పూట నేను నిజంగా సంతోషంగా ఉన్నాను. ఆ మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

చిడియాటాపులో ఒడ్డుకి కట్టాక ఆయన టీకి వెళ్లాడు. నేను పడవ పక్కనే మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాను. విశాఖపట్నం నుంచి వచ్చిన టూరిస్టులు కొందరు అటు నడుస్తున్నారు. వాళ్లలో ఒకావిడ మా పడవ చూసి ఆగిపోయింది.

"అయ్యో, చూడండి, తెలుగు! ఇంత దూరంలో తెలుగు పేరు!" అని సంబరంగా, గట్టిగా చదివింది.

ఆవిడ చదివింది మా అత్త పేరు.

నేను నవ్వాను. "దీదీ, తప్పు చదివారు. అది మా అమ్మ పేరు," అని చెప్పాను.

"లేదండీ," అంటూ ఆవిడ దగ్గరకొచ్చి, నేను పెట్టిన బొట్ల మీదే వేలు పెట్టి ఒక్కో అక్షరం చూపించింది. మొదటిది, రెండోది, చివర 'మ్మ'. అమ్మ పేరుకీ అత్త పేరుకీ కలిసేది చివరి ఆ ఒక్క అక్షరమే. "మీకు తెలుగు రాదా?" అని ఆశ్చర్యపోయింది.

"మాట్లాడతాను," అన్నాను.

అంతలో మా ఆయన రెండు టీ గ్లాసులతో వచ్చాడు.

"మావా, పడవ మీద పేరేటి?"

"మీయమ్మదే గదా," అన్నాడు, రెప్ప కూడా వేయకుండా.

"ఈ దీదీ ఇప్పుడే చదివింది."

అప్పుడు ఆవిడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "కళ్లజోడు నేకుండా సదివుంటాది," అన్నాడు. ఆవిడ ముక్కు మీద కళ్లజోడు ఉంది. పాపం, ఆవిడే మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

పులుసు గిన్నె మూత తీయలేదు. తిరుగు ప్రయాణంలో సగం దూరం వచ్చాక ఆయనే ఇంజన్ ఆపాడు. పడవ ఊరికే ఊగుతోంది.

"మాయమ్మ సేపల తట్ట నెత్తినెట్టుకుని ఊరూరా తిరిగి నన్ను పెంచింది," అన్నాడు. "ఆవిడి పేరు ఏ గోడ మీదా నేదు, ఏ కాయితం మీదా నేదు. రాద్దారని కూకున్నప్పుడు సెయ్యి అటే పోయింది. నీకెలాగూ సదవడం రాదు గదే. నీకేటి నట్టం?"

అత్త మీద నాకు కోపం లేదు. అడిగి ఉంటే రెండు పేర్లూ రాయించేదాన్ని, అత్త పేరే ముందు పెట్టమనేదాన్ని. నా ఒళ్లు మండింది ఆ చివరి మాటకి. నాకు రాదన్న సంగతి లోకంలో బాగా తెలిసినవాడు ఆయన ఒక్కడే. దాన్నే వాడుకుని నా చెవిలో పువ్వు పెట్టాడు.

"ప్రతి శుక్రవారం చూస్తూనే ఉన్నావు కదా మావా, నేను అమ్మా అమ్మా అంటూ బొట్టు పెడుతుంటే?"

ఆయన ఇంజన్ వైపు తల తిప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది. నేను కుంకుమ భరిణె తీసినప్పుడల్లా ఆయనకి ఇంజన్‌లో ఏదో పని ఉండేది. నేనది భక్తి అనుకున్నాను, నన్ను ఒంటరిగా అమ్మతో వదిలేయడం అనుకున్నాను. జ్వరం వచ్చినా, ఆఫీసులో ఏడుపొచ్చినా వచ్చి ఆ అక్షరాల మీద అరచెయ్యి ఆనించి చెప్పుకున్నాను. అమ్మకి ఒక్క ముక్కా చేరలేదు. పాస్‌బుక్కు తెచ్చి పక్కన పెట్టి పోల్చి చూద్దామని మూడేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు. అలా అనుమానపడి పోల్చి చూసేదాన్నయితే ఆయన్ని పెళ్లెందుకు చేసుకుంటాను?

మర్నాడే, మేముండే డిగ్నాబాద్‌లో మా పక్కింటావిడ కూతురి ఒకటో తరగతి తెలుగు వాచకం అడిగి తెచ్చుకున్నాను. ఆఫీసులో భోజనాల వేళ అక్షరాలు దిద్దాను. తోటివాళ్లు 'క్యా దీదీ, ఈ వయసులో స్కూలా' అని నవ్వారు. వాళ్లకి కారణం చెప్పలేదు. వానలు ఆగాక ఎర్ర రంగు డబ్బా కొని, పాస్‌బుక్కు ముందు పెట్టుకుని, పడవ ఎడమవైపు అమ్మ పేరు నేనే రాశాను. అమ్మ సంతకం లాగే వంకరగా వచ్చింది.

కుడివైపు పేరు చెరపలేదు. ఆ ముసలామె నాకేం ద్రోహం చేసింది? ఇప్పుడు శుక్రవారం రెండు వైపులా తిరిగి ఆరు బొట్లు పెడతాను. మా ఆయన ఇంజన్ దగ్గరికి పోవడం మానేసి పక్కన చేతులు కట్టుకుని నిలబడుతున్నాడు. మంచివాడే. మాట్లాడుకుంటున్నాం, నవ్వుకుంటున్నాం కూడా.

నాకు చదవడం వచ్చాక, నేను అబర్డీన్ బజార్‌కి పోయేటప్పుడు సామాన్లు నోటితో చెప్పడం మాని తెలుగులో చీటీ రాసిస్తున్నాడు. మొన్న ఇచ్చిన దాంట్లో మూడే మాటలు. ఉప్పు, చింతపండు, సబ్బు. గుమ్మంలో నిలబడి వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాను. ఆయన చూస్తూనే ఉన్నాడు. అవి ఆ మూడు మాటలేనా అని మళ్లీ మొదటి నుంచి చదివాను.