ఎడమవైపు గాజుతొట్టి

మా ఆయనకు పక్షవాతం వచ్చిన ఐదో నెలలో నేను చేపల కోసం ఊళ్ళు పట్టుకుని తిరిగాను. ఎవరైనా వింటే ఈవిడకు మతిపోయింది అనుకుంటారు. మా ఆడబిడ్డ అనుకుని ఊరుకోలేదు, మొహం మీదే అనేసింది.

ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట పోలేదు, తెలివి పోలేదు. పోయింది ఎడమవైపు. కళ్ళు బాగానే ఉన్నాయనీ, మెదడే ఆ పక్కను వదిలేసిందనీ డాక్టరు చెప్పారు. కంచంలో కుడి సగం తిని, ఎడమ సగం అలాగే వదిలేసి "ఇంకాస్త పెట్టు" అనేవారు. గడ్డం ఒక చెంపే గీసుకునేవారు. నేను ఎడమ పక్కన కూర్చుని పలకరిస్తే, కుడి పక్కనున్న గుమ్మానికి జవాబు చెప్పేవారు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి నన్ను వదిలేసి గుమ్మంతో మాట్లాడుతుంటే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చేది. అది ఎవరి మీద చూపించాలో తెలియక గిన్నెల మీద చూపించేదాన్ని.

ఇంటికొచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి ఒక రోజు నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఆంటీ, ఆ కాలు తనదేనని అంకుల్‌కి తెలిస్తేనే నిలబడతారు. మీరు ఎడమవైపే కూర్చోండి. ఆయనకి ఇష్టమైంది ఏదన్నా అటే పెట్టండి. ఆరు నెలల్లో ఎంత వస్తే అంత ఆంటీ, తర్వాత కష్టం."

అప్పటికే ఐదో నెల నడుస్తోంది.

ఇష్టమైంది అంటే ఏముంది? ఆదివారం వస్తే గాలం పట్టుకుని తెనాలిలో రేపల్లె రైలెక్కే మనిషి. పెనుమూడి వైపు కాలవ గట్టున పొద్దుగూకే దాకా కూర్చుని, ఒక్కోసారి ఉత్త చేతులతో వచ్చి కూడా సంతోషంగా ఉండేవారు. అందుకని చేపలు పెడదామనుకున్నాను. మంచానికీ గోడకీ మధ్య ఉన్నది మూరెడు చోటు. అందులో స్టూలు పట్టాలి, నేనూ పట్టాలి. అందుకే జానెడు వెడల్పు, మూరెడు పైన ఎత్తు ఉన్న నిలువు తొట్టి కొన్నాను. చోటు గురించి ఆలోచించానుగానీ చేప గురించి ఆలోచించలేదు. నాకు చేప తెలిసింది పులుసులోనే.

తెనాలిలోనే నాలుగు గోల్డుఫిష్‌లు తెచ్చి వేశాను. మనం తాగే నీళ్ళే వాటికీ మంచివని మినరల్ వాటర్ టిన్ను తెప్పించి పోశాను. శుభ్రంగా ఉండాలని రోజూ మొత్తం పారబోసి మళ్ళీ కొత్తవి పోశాను. గాలి మోటారు పెడితే ఆ బుడబుడ శబ్దానికి తల పగిలిపోతోందని ఆయన ఒకటే గొడవ, తీసేశాను. మూడో రోజుకు నాలుగూ పైకి తేలాయి. ఇంకో నాలుగు తెచ్చాను. అవీ అంతే. చచ్చిన చేపల్ని పెరట్లో పూడుస్తూ, ఈ ఇంట్లో నేను ముట్టుకున్నది ఏదీ బాగుపడదని గట్టిగానే అన్నాను. వినడానికి ఎవరూ లేరు.

తెనాలి షాపాయన ముఖం మళ్ళీ చూడలేక, మా ఆయన దగ్గర ఆడబిడ్డను కూర్చోబెట్టి బాపట్ల రైలెక్కాను. అక్కడి షాపులో చారల చేపలు గుంపుగా అటూ ఇటూ పరిగెడుతున్నాయి. అవి కావాలన్నాను. షాపాయన తొట్టి కొలతలు అడిగి, తల అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మా. ఇవి అడ్డంగా పరిగెత్తే చేపలండి. మీ తొట్టి ఎత్తేగానీ పొడుగు లేదు, గోడలకి కొట్టుకుంటాయి. పైన నీళ్ళు ఎంత వెడల్పుంటే గాలి అంత దిగుద్ది. మీది జానెడే కదా. నీళ్ళు ఏంటండి పోస్తంది?"

చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది.

"మినరల్ వాటర్లో చేపక్కావలసిన సత్తువేం ఉంటదండి? కుళాయి నీళ్ళు ఒకరోజు నిలవుంచి పోయండి. వారానికోసారి కొంచెం తీసి కొంచెం పోయండి, చాలు. ఫైటరు చేప ఒక్కటే పట్టుకెళ్ళండి. అది పైకొచ్చి గాలి తాగుద్ది, మోటారక్కర్లేదు. మధ్యమధ్యలో ఆకులు పెట్టండి, అంత ఎత్తు ఎక్కేటప్పుడు ఆగడానికి."

ఆయన చెప్పినట్టే చేశాను. నీలం రంగు ఫైటరు బతికింది. ఆకు మీద కూర్చుని తోక విప్పుకుని దర్జాగా ఉండేది. పక్కింటివాళ్ళు వచ్చి ఎంత బాగుందో అన్నారు. మా ఆయన మాత్రం కుడివైపు గుమ్మాన్నే చూస్తూ ఉండిపోయారు. తొట్టికి తగిన చేప దొరికింది, కానీ మనిషిలో చలనం లేదు. వారం గడిచింది. ఆ వారమంతా నేను సరిగ్గా అన్నం తిన్న గుర్తు లేదు. ఒక మధ్యాహ్నం ఆయన తల రెండు చేతులతో పట్టుకుని తొట్టివైపు తిప్పేశాను. "మెడ నొప్పే, వదులు" అన్నారు, గోడకేసి చూస్తూ. సిగ్గుపడి వదిలేశాను.

అప్పుడు తట్టింది. రంగు చేపల్ని ఆయన ఏనాడు చూశారు గనక? ఆయన కాలవ గట్టున కూర్చున్నది కొరమీను కోసం.

మర్నాడు పొద్దున్నే స్టీలు కేరేజీ పట్టుకుని రేపల్లె వెళ్ళాను. మార్కెట్లో ఒకావిడ బేసిన్లో కాసిని నీళ్ళు పోసి కొరమీనులు బతికుండగానే అమ్ముతోంది. అవి మధ్యమధ్యలో మూతి పైకెత్తి గాలి మింగి మళ్ళీ దిగిపోతున్నాయి. అడుగున వేలెడంత పిల్ల ఒకటి ఉంటే చూపించాను.

"అది పులుసుకేం సరిపోద్దక్కా?"

"పులుసుక్కాదమ్మా. గాజుతొట్టిలో వేస్తాను. జానెడు వెడల్పు."

ఆవిడ నావంక ఎగాదిగా చూసింది. "అందులో ఎన్నాళ్ళుంటదక్కా? మహా అయితే నెల. తర్వాత దానికి చోటు చాలదు."

"నాకూ నెలే ఉంది" అన్నాను. అంటూనే అందరి ముందూ ఏడ్చేశాను. ఆవిడ చేపను కేరేజీలో వేసి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇంటికొచ్చి, తినేస్తుందేమోనని ఫైటరును ఊరగాయ జాడీలోకి మార్చి, కొరమీను పిల్లను తొట్టిలో వదిలాను. అడుక్కి వెళ్ళి కదలకుండా పడుకుంది. నేను గోడ పక్కన నా చోట్లో కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఇంక నా దగ్గర వేరే ఉపాయం లేదు, అది మాత్రం తెలుసు.

అది ఒక్కసారిగా నిలువునా పైకి లేచింది. గుటుక్కుమని గాలి మింగి, తోకతో నీళ్ళు కొట్టి దిగింది. దుప్పటి మీద నీళ్ళు పడ్డాయి.

ఆయన మెడ కదిలింది. గుమ్మం మీద నుంచి కళ్ళు మెల్లగా జరిగి, నుదురు ముడిపడి, ఎక్కడో ఆగి, మళ్ళీ జరిగి తొట్టి దగ్గరికి వచ్చాయి.

"మూత పెట్టవే" అన్నారు. "దూకుద్ది."

కేరేజీ మూత తీసి తొట్టి మీద పెట్టాను. గాజుకు టంగుమని తగిలింది. ఆయన చూపు మూత మీద నుంచి నా చేతికి, చేతి మీద నుంచి నా ముఖానికి వచ్చింది.

"నువ్వు ఇటెప్పుడొచ్చావు?"

"ఐదు నెలలైందండి" అన్నాను.