ఊడని సెట్టు

జగిత్యాలలో దిగేసరికి ఉదయం ఆరున్నర. సన్నని తుంపర. తెలంగాణ ఉద్యమం రోజులు, ఊళ్లకు ఊళ్లే బందు. టీ చుక్క కూడా దొరకలేదు. రోడ్ల మీద బైఠాయించినవాళ్లను లేపడం మా కేంద్ర బలగాల కంపెనీ పని. నేను కమాండరు జీపు డ్రైవరును. మాది ఒంగోలు వైపు. కంపెనీలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, అదో ఖర్మ.

వైర్‌లెస్ సెట్టుకు డ్యాష్‌బోర్డు మీద ఇనుప స్టాండు. నాలుగు స్క్రూలు. ఎంత బిగించినా కొడిమ్యాల దాటేలోపు రెండు రాలేవి. పెద్ద గుంత వస్తే సెట్టు గేరు మీద పడేది, వైరు ఊడేది. "ఇంకోసారి పడితే నీ సంగతి చూస్తా" అన్నాడు కమాండరు. పన్నెండు రోజులు తాడుతో కట్టి నెట్టుకొచ్చాను. ప్రాణం విసిగిపోయింది.

సిరిసిల్లలో మెకానిక్ షెడ్లన్నీ మూతే. సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే ఒకాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. స్టాండు చూపించాను.

"స్క్రూ ఎంత బిగిస్తే అంత ఊడుతది. దెబ్బను మింగెటిది కింద ఉండాలె," అని లోపలికి పోయి పాత తోలు పట్టా తెచ్చాడు. సాంచెలో అటూ ఇటూ పరిగెత్తే నాడె దెబ్బ రోజంతా తినే తోలు అది. కోసి స్టాండు కింద రెండు పొరలు వేశాడు. బోల్టులు దూర్చి, అడుగున జంట నట్లు బిగించాడు.

"మిమ్మల్ని లేపడానికొచ్చినవాణ్ణి. నాకెందుకన్నా చేస్తున్నావు?"

"పని బందువెట్టి పది దినాలాయె. చేతులు ఊకుంటయా? ఇగ ఊడదు, పో."

మర్నాడు కోరుట్ల. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, గుండిగల్లో అన్నం. వంటావార్పు. లేపడానికి వచ్చిన మాకూ విస్తరి వేయడం అక్కడి పద్ధతి. ఒక ముసలమ్మ జీపు దగ్గరికొచ్చింది.

"దిగు కొడుకా, రెండు బుక్కలు తిను. నీ సర్కారు గంటసేపు ఆగుతది తియ్యి."

కమాండరు వంద గజాల అవతల ఊరి పెద్దలతో హిందీలో మాట్లాడుతున్నాడు. తిన్నాక లేస్తామని వాళ్లు, సరేనని ఆయన.

పదకొండు నలభైకి సెట్టు పలికింది. "రోడ్డు వెంటనే ఖాళీ చేయించండి. లాఠీ వాడండి. విన్నారా?"

ప్రతి అక్షరం విన్నాను. మొన్నటిదాకా అయితే సెట్టు పడిపోయిందంటే అందరూ నమ్మేవారు. ఇప్పుడది బండలా నిలబడి ఉంది. కొత్త అబద్ధం ఆడే ధైర్యం నాకు లేదు. "విన్నాను" అన్నాను. కూర్చున్నచోటి నుంచే కమాండరుకు కేకేసి ఆర్డరు చెప్పాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

పదకొండు యాభైకి మళ్లీ. "ఆపండి. చర్చలు నడుస్తున్నాయి." అదీ స్పష్టంగానే వినబడింది. అప్పటికే ముసలమ్మ చెయ్యి విరిగింది.

ఇంటికొచ్చి ఏళ్లయింది. డ్యూటీ ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే, రోడ్లు బాగాలేవంటాను. కళ్లు మూస్తే మాత్రం కోరుట్ల తారు మీద ఒలికిన అన్నం, ఇంకా పొగలు వస్తూ. దాని నడుమ బూటు అచ్చు. నాది కాదు. నేను జీపు దిగనే లేదు.